టేపు అయిపోయాక

మా మేనత్త ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీయడం ఆవిడ పని. గుండ్రటి అద్దాన్ని తిరిగే చక్రానికి ఆనించి, ఫ్రేములో ఇమిడే ఆకారానికి తేవాలి. చక్రం మీద నీళ్ళు పడుతూ ఉంటాయి, గదంతా ఒకటే కీచుమోత. అద్దం ఎక్కడ ఎంత అరిగిందో కంటికన్నా ముందు చెవికే తెలుస్తుందని అత్త అనేది. ఆ మోత కాస్త సన్నబడగానే చెయ్యి వెనక్కి తీసేసేది. అప్పటికి పదహారేళ్ళ సర్వీసు, ఆవిడ చేతిలో పగిలిన అద్దాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

భర్తతో పొసగక పెళ్ళైన మూడో ఏడే మా ఇంటికి వచ్చేసింది. మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. మేడ మీద గది తనది. నాన్నతో తగాదా పడేది, అమ్మతో స్నేహంగా ఉండేది, నాతో పేకాడుతూ నిస్సిగ్గుగా మోసం చేసేది. అంతకు మించి తన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదని తనే అనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, లెక్కల మాస్టారి కొత్త కళ్ళజోడు ఆయనకి ఇచ్చి రమ్మని యజమాని పంపాడు. మాస్టారు ఇంట్లో లేడు. టైర్ల దుకాణం పైన గదిలో ఉంటాడని వాళ్ళావిడ చెప్పింది. అత్త మెట్లెక్కి వెళ్ళేసరికి లోపల ఇద్దరున్నారు. మాస్టారి ఒళ్ళో గిటారు. డ్రమ్ముల వెనక సిటీ బస్సు నడిపే ఆయన, యూనిఫాం గుండీలు విప్పేసుకుని చెమటలు కక్కుతున్నాడు. మూలన గోడకి ఆనించి లావుతీగల బేస్ గిటారు ఒకటి ఉంది. అది వాయించే మనిషి నెల కిందటే ఊరు మారిపోయాడట.

మాస్టారు కొత్త జోడు పెట్టుకుని గదంతా ఓసారి చూశాడు. ఆ చూపు అత్త దగ్గర ఆగింది.

"ఏమ్మా, కాసేపు ఖాళీయేనా?"

"ఎందుకండీ?"

"అది తీసి ఒళ్ళో పెట్టుకో. పై తీగ ఒక్కటే. డ్రైవరు కాలితో పెద్ద డ్రమ్ము కొట్టినప్పుడల్లా నువ్వొక దెబ్బ వెయ్యి. మిగతా మూడు తీగలూ లేవనుకో."

"నాకు సంగీతం రాదండీ."

"నాకు మాత్రం వచ్చా చెల్లెమ్మా?" అన్నాడు డ్రైవరు. "బస్సు నడపడం వచ్చు. ఇదీ అంతే. ముందువాడు బ్రేకు వేస్తే మనమూ వెయ్యాలి."

అత్త ఇల్లు చేరేసరికి ఆరైంది. చూపుడువేలి కొసన బొబ్బ. "కళ్ళజోడు ఇచ్చి రావడానికి ఇంతసేపా?" అని అమ్మ అడిగితే, "దారిలో ఆలస్యమైంది వదినా," అంది. ఆ తర్వాత పదకొండేళ్ళ పాటు ప్రతి ఆదివారమూ అలా ఆలస్యమవుతూనే వచ్చింది.

వాళ్ళు మొదలుపెట్టేవి అందరికీ తెలిసిన పాటలే. ఒక చరణం దాకా పాట పాటలాగే ఉండేది. ఆపైన మాస్టారు పాటని వదిలేసి ఎటో వెళ్ళేవాడు. ఎటు వెళ్తాడో ముందు చెప్పడు, ఆయనకీ తెలీదు. మిగతా ఇద్దరూ వింటూ, అప్పటికప్పుడు అల్లుకుంటూ వెంట పోవాలి. ఆయన గిటారు మెడ పైకెత్తితే ఇక ఆపమని గుర్తు. నాలుగు దెబ్బలు వేసి ముగించేవారు.

నాన్నకి ఇది మింగుడుపడేది కాదు. "మొన్న వాయించింది బాగుంది కదే. హాయిగా మళ్ళీ అదే వాయించుకోవచ్చుగా? వారానికో రకమా?" అనేవాడు.

"నువ్వు వదినతో రోజూ ఒకే మాట మాట్లాడతావా అన్నయ్యా?"

"మాట్లాడతారు," అంది అమ్మ వంటింట్లోంచి.

అత్తకి నలభై ఏడేళ్ళప్పుడు వాళ్ళకి పార్కులో వాయించే అవకాశం వచ్చింది. ఆదివారం సాయంత్రం, సిమెంటు అరుగు మీద, గంటసేపు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. అమ్మా నాన్నా నేనూ వెళ్ళాం. ఓ అరవై మంది ఉంటారేమో జనం. ముందు వరసలో డ్రైవరు భార్య కూర్చుంది. ఆవిడ రావడం అదే మొదటిసారి.

ఆఖరి పాట అయిపోవచ్చింది. మాస్టారు గిటారు మెడ పైకెత్తాడు. డ్రైవరు ఆపలేదు. మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు, అయినా ఆపలేదు. అత్త చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఉండిపోయింది. తర్వాత ఆ చెయ్యి దిగింది, అయితే ఇందాకటి చోట కాదు. కింద ఎక్కడో, చీకటిగా ఉన్న మరో స్వరం మీద. మాస్టారు తల ఎగరేసి గిటారు దించాడు. అక్కణ్ణించి మొదలైంది.

దాన్ని మాటల్లో చెప్పడం నావల్ల కాదు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోబోతున్న ఒక ముసలాయన, ఆ సంచీ దించకుండానే అరగంట పైన నిలబడిపోవడం చూశాను. మా నాన్న గడియారం చూసుకోలేదు. పాట ఎక్కడో పోయింది, తాళం కూడా రెండుసార్లు మారింది, ముగ్గురిలో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. నలభై నిమిషాలు దాటాక, మునిమాపు వేళకి, ముగ్గురూ ఒక్కసారే ఆగారు. ఈసారి గిటారు ఎవరూ ఎత్తలేదు. చప్పట్లు కొట్టాలని జనానికి కాసేపు తోచనే లేదు.

ఆ రోజు అత్త అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది. "చివర్లో ఒక చోట, ఆయన వెయ్యబోయే స్వరం వెయ్యకముందే నాకు వినిపించిందే," అంది నాతో. "నేను వెళ్ళి దాని కింద నిలబడ్డాను. ఆయన కనీసం చూసుకోకుండా వచ్చి దాని మీద కాలు పెట్టాడు." అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుంది.

గుర్తు చూసుకోలేదని డ్రైవరు చెప్పాడు. ఆ పొరపాటుకి వాళ్ళు ఎన్నిసార్లు నవ్వుకున్నారో. అయితే మళ్ళీ అలాంటిది రాలేదు. రెండు ఆదివారాలు చూశారు, మూడు చూశారు. మాస్టారు నోటుబుక్కు కొన్నాడు. మొదటి నాలుగు నిమిషాలు ఇలా, ఆపైన అత్త ఇక్కడ దిగాలి, ఇక్కడ తాళం మారాలి అని గళ్ళు గీసి రాశాడు. ఆరు వారాలు దాని ప్రకారం వాయించారు. వాయించిన కొద్దీ అది బిగుసుకుపోయింది.

ఏడో వారం అత్త గిటారు పక్కన పెట్టేసింది. "మాస్టారూ, మనం శవానికి తల దువ్వుతున్నామండీ."

మాస్టారు నోటుబుక్కు మూశాడు. "దారి రాసి చూపించకపోతే, జవాబు వచ్చినా నేను మార్కులెయ్యనమ్మా," అన్నాడు. గిటారు పెట్టెలో పెట్టి, మూడు కొక్కేలూ ఒక్కొక్కటిగా బిగించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం రాలేదు. డ్రైవరూ అత్తా ఇద్దరే మూడు వారాలు ఆ గదిలో ఎదురుచూశారు. ఆ వేసవిలో ఆయనకి ఆరుగంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరికి బదిలీ అయిందని తెలిసింది. అత్త వీడ్కోలు చెప్పడానికి వెళ్ళలేదు. వెళ్ళి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అంది, ఎక్కువగా ఏ పనీ లేని ఆదివారాల్లో.

పన్నెండేళ్ళు గడిచాయి. డ్రైవరు రిటైరయ్యాడు, భార్య పోయింది. అత్త గదిలో బేస్ గిటారు తీగలు తుప్పు పట్టాయి. ఒకప్పుడు బొబ్బలెక్కి కాయలు కాసిన వేళ్ళు మళ్ళీ మెత్తబడ్డాయి. అప్పుడప్పుడూ బల్ల అంచు మీద ఆ వేళ్ళు కదులుతుండేవి. మేం చూస్తున్నామని తెలిస్తే ఆపేసేది.

ఒకరోజు పార్కులో తోటమాలిగా చేసి మానేసిన పెద్దాయన దుకాణానికి వచ్చాడు. చదువుకోవడానికి జోడు కావాలి. కౌంటరు దగ్గర మనిషి లేకపోవడంతో అత్తే వచ్చి ఆయన చెవులకి ఫ్రేము సరిచేస్తోంది.

"మీరు పార్కులో లావు గిటారు వాయించిన ఆవిడ కదూ?" అన్నాడాయన.

"ఎలా గుర్తుపట్టారు?"

"ఇప్పుడు తల పక్కకి వంచారు చూడండి. ఆ రోజూ అంతే వంచారు, గోడ అవతల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు." జోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు, "అది నా దగ్గరుందండీ. ఎంతకీ ఆగట్లేదేంటని షెడ్డుకి పోయి టేపురికార్డరు పట్టుకొచ్చాను."

ఆ ఆదివారం ఉదయం డ్రైవరు మా ఇంటికి వచ్చాడు. నేనెక్కడో అడిగి ఓ టేపు ప్లేయరు తెచ్చాను. ముందు బుస్సుమని చప్పుడు. తర్వాత తోటమాలి గొంతు, "ఆ నీళ్ళ పంపు ఆపవయ్యా, వినపడట్లేదు." ఆ వెంటనే, మధ్యలోంచి, వాళ్ళు.

నిజం చెప్పాలంటే అందులో తప్పులున్నాయి. మాస్టారి గిటారు ఒకచోట శ్రుతి తప్పింది. డ్రైవరు రెండుసార్లు తడబడ్డాడు. అత్త కళ్ళు మూసుకుని వింటోంది. పదమూడో నిమిషంలో, అన్నీ సద్దుమణిగిపోతున్నాయి అనుకున్న చోట, బేస్ గిటారు ఒక్కటే కదిలి పక్కదారి పట్టింది. దాని వెనకే ఒక మగగొంతు, మైకుకి దూరంగా, గబగబా, "వెళ్ళు వెళ్ళు, నేనొస్తున్నా."

అది మాస్టారి గొంతు. ఆ మాట అత్తకీ గుర్తులేదు, డ్రైవరుకీ గుర్తులేదు.

ఇరవై మూడో నిమిషంలో టక్కుమని టేపు అయిపోయింది.

"అదేంటి, అసలుది ఇంకా రానేలేదే," అన్నాడు డ్రైవరు.

అత్త టేపు వెనక్కి తిప్పి ఆ గొంతు దగ్గరికి తెచ్చింది. మూడుసార్లు వింది. "ఇన్నేళ్ళూ నేనే ఆయన వెనక పరిగెత్తాననుకున్నాను అన్నా," అంది.

మరుసటి వారం ముగ్గురం మాస్టారి ఊరికి వెళ్ళాం. తలుపు తీసింది వాళ్ళావిడ. ఆయనకి చెవి జబ్బు చేసి నాలుగేళ్ళయిందనీ, గిటారు బడికి ఇచ్చేశాడనీ గుమ్మంలోనే చెప్పింది. "పిట్టలు వినిపిస్తాయి, లారీలు వినిపించవు. సన్నటి చప్పుళ్ళు తప్ప లావువి అందవు. ఆయన్ని ఒక్కరినీ రోడ్డు దాటనివ్వను," అంది.

మాస్టారు బాగా చిక్కిపోయాడు. అత్తని చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వాళ్ళింటి టేపు ప్లేయరులో నేను టేపు పెట్టాను. ఆయన చెవి దగ్గరగా వంచాడు.

"ఈ డ్రమ్ముల మీది పళ్ళేల మోత డ్రైవరు. గిటారు నేనే, శ్రుతి పోయింది ఇక్కడ." కాసేపు విన్నాడు. "నువ్వెక్కడమ్మా? నువ్వు లేవే ఇందులో."

అత్త లేచి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని, స్పీకరు పెట్టె మీద బోర్లించి పెట్టింది. చెక్క అదురుతోంది. కాసేపటికి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టాయి. పదమూడో నిమిషం వచ్చింది. ఆయన గొంతు ఆయనకి వినపడింది.

"అది నేనేనా? ఎవరితో అంటున్నాను?"

"నాతోనండి."

టేపు అయిపోయాక కూడా ఆయన చెయ్యి తియ్యలేదు. "ఆ నోటుబుక్కులో నేను వాయించింది ఒక్క ముక్క కూడా రాసుకోలేదమ్మా," అన్నాడు చివరికి. "నువ్వు ఆ మలుపు ఎలా తిరిగావో పట్టుకుందామని."

"నేనా మాట అనకుండా ఉండాల్సిందండీ."

"అన్నది నిజమేగా. మార్కులు వేసెయ్యొచ్చు."

టేపు ఆయన దగ్గరే వదిలేసి వచ్చాం. తిరుగు బస్సులో డ్రైవరు కిటికీ పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ మలుపు మలుపుకీ కాలు నేలకేసి నొక్కుతున్నాడు.

"చెల్లెమ్మా, ఒకటి చెప్పనా? ఆ రోజు మాస్టారు గిటారు ఎత్తడం నేను చూశాను."

"చూడలేదన్నావు."

"మా ఆవిడ ముందు వరసలో ఉంది. నాది డబ్బాల మోత అనేది ఎప్పుడూ. ఆ రోజు చెప్పులు విప్పేసి, కాలితో తాళం వేస్తోంది. నేను ఆపితే ఆ కాలు ఆగిపోతుందనిపించింది." మళ్ళీ కాలు నేలకేసి నొక్కి, "ఎవరికీ చెప్పలేదు. ఆవిడక్కూడా," అన్నాడు.

అత్త ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "మళ్ళీ ఒక్కసారి..." అంది.

అత్తకిప్పుడు అరవై రెండు. కొత్త తీగలు వేయించుకుంది. గురువారాలు కాలేజీ పిల్లలు నలుగురితో కలిసి వాయిస్తుంది. వాళ్ళు దాన్ని జామింగ్ అంటారు. ఎలా ఉందని అడిగితే, "బాగా వాయిస్తారు. పాట అయిపోగానే ఆపేస్తారు," అంటుంది, పెద్ద వింతలా.

మాస్టారికి ఫోను వినపడదు కాబట్టి ఉత్తరాలు రాస్తాడు. పోయిన ఉత్తరంలో ఒకటే ప్రశ్న. టేపు అయిపోయాక మనం ఏం వాయించామో నీకేమైనా గుర్తుందా అని. అత్త రెండు నెలలు జవాబు రాయలేదు. ఎందుకని అడిగాను.

"లేదని రాస్తే అబద్ధం. ఉందని రాస్తే ఏముందో చెప్పాలి. రోజూ వినిపిస్తుందే నాకు, అద్దం అరగదీస్తున్నప్పుడు కూడా. కాగితం తీసేసరికి ఉండదు."

మొన్న రాసింది. పోస్టు చెయ్యమని నా చేతికిచ్చింది, అంటించలేదు కాబట్టి చదివాను. వచ్చే నెల పదో తారీకున వస్తున్నామనీ, డ్రైవరన్న కూడా వస్తున్నాడనీ, ఈసారి గిటారు తెస్తున్నాననీ, స్పీకరు కుర్చీ పక్కన పెట్టించమనీ ఉంది.

ఆయన అడిగినదానికి మాత్రం ఒక్క ముక్కా లేదు.