ట్రైలర్‌వారి సొత్తు

మా మామగారు గ్రేయమ్ ఒకే ఇంట్లో రెండు కాపురాలు నడుపుతారు. ఒకటి ఇంటిది, రెండోది ట్రైలర్‌ది. ఒకదాని చెంచా ఇంకోదానిలోకి వెళ్లడానికి వీల్లేదు. ట్రైలరంటే సినిమాకి ముందు వేసేది కాదు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే మూతబండి. గుడారం, పొయ్యి, మడతమంచాలు, గిన్నెలు, సొరుగుల్లో గరిటెలు సమస్తం అందులోనే ఉంటాయి. ఇక్కడ న్యూజిలాండ్‌లో క్రిస్మస్ అంటే ఎండాకాలం. అది వెళ్లగానే అందరం సముద్రం ఒడ్డున మకాం పెట్టినప్పుడు తప్ప దాని మూత లేవదు.

ఒకసారి ఇంట్లో టిన్ ఓపెనర్ విరిగింది. మా అత్తగారు నోయెలిన్ చిక్కుడుగింజల డబ్బా పట్టుకుని నిలబడ్డారు.

"ట్రైలర్లో ఇంకోటి ఉందిగా మామగారూ, తెమ్మంటారా?" అన్నాను.

"అది ట్రైలర్‌ది."

"మరి చిక్కుడుగింజలు?"

"చిక్కుడుగింజలు ఇంటివి. దానికీ వీటికీ సంబంధం లేదు."

ఆయనే చెప్పులేసుకుని పక్కింటికెళ్లి ఓపెనర్ అడిగి తెచ్చారు. అదే పక్కింటాయన మర్నాడు సోఫా తెచ్చుకోవాలి, ట్రైలర్ ఇస్తారా అని వస్తే, "దానికి వీలు పడదోయ్" అన్నారు, అదేదో పెళ్లికి వెళ్తున్నట్టు.

న్యూజిలాండ్‌లో పెళ్లాన్ని పిల్లల్ని తిట్టినా క్షమిస్తారు గానీ, ట్రైలర్ ఉంచుకుని లేదంటే క్షమించరు. కట్టెలు తేవాలన్నా, చెత్త పారబోయాలన్నా వీధిలో ఒక ట్రైలర్ ఉంటే అది వీధందరిదీ. అందుకే మా మామగారికి ఎంగిలి చేత్తో కాకిని తోలడని పేరొచ్చింది. ఆయన ఆ పేరుని కూడా భద్రంగానే దాచుకున్నారు.

ఇక మకాంలో ఆయన హడావుడి చూడాలి. కత్తి పిడి ఇటే ఉండాలి. పెద్ద గిన్నె కింద చిన్న గిన్నె ఉండకూడదు. ఎవరైనా గరిటె కడిగి పక్క సొరుగులో పెట్టారో, ఇక అయిపోయినట్టే.

"నా గరిటె కదిపిందెవరు?" అని ఆయన అరిస్తే అవతలి గుడారాలవాళ్లు కూడా తమ గరిటెలు తడుముకునేవారు. పిల్లలు ఆయన్ని అనుకరిస్తూ ఇసుకలో పొర్లి పొర్లి నవ్వేవారు. మా అత్తగారు మాత్రం పాట పాడుకుంటూ, చెయ్యి అలా చాపి కావలసింది అందుకుంటూ, అంతమందికీ వండి పెట్టేవారు.

మా ఆవిడ బ్రోన్విన్‌కి ఓపిక చచ్చింది. "నాన్నకి చాదస్తం ముదిరింది. అమ్మ ఈ వయసులో ఎండలో నిలబడి వండటమేంటి? ట్రైలర్ అమ్మేద్దాం. వచ్చే ఏడు హాయిగా హోటల్లో దిగుదాం" అని ఒక ఏడు మకాంలోనే తండ్రి మొహం మీదే చెప్పేసింది. గుడారాలకి జాగాలు అద్దెకిచ్చే ఆ మకాంలో ఒక పద్ధతుంది. వెళ్లేలోగా ఆఫీసులో చెప్పుకుంటేనే మరుసటి ఏడు అదే స్థలం మనది, లేకపోతే కాచుకుని ఉన్న ఇంకెవరికో పోతుంది. బ్రోన్విన్ కడుపులో ఉన్నప్పట్నుంచీ ఎర్రపూల పొహుతుకావా చెట్టు కింది ఆ జాగా వీళ్లదే. "ఈసారి చెప్పేది లేదు" అంది మా ఆవిడ. మామగారు వెళ్లి ట్రైలర్ టైర్లు నొక్కి చూసుకున్నారు.

మర్నాడు ఆయన ఐసు తేవడానికి వెళ్లిన సందు చూసి, మా ఆవిడ వంటసొరుగులన్నీ సర్దేసింది. ఏది ఎక్కడుంటే సుఖమో ఆలోచించి మార్చింది. డబ్బాల మీద పెద్ద పెద్ద అక్షరాలతో పేర్లు కూడా అంటించింది.

ఆ సాయంత్రం అత్తగారు చేపలు పిండిలో ముంచి వేయించారు. చేపలు ఎప్పటిలా ఎర్రగా రాలేదు, నల్లగా వచ్చాయి. నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉన్నాయి. మింగలేక, ఉమ్మలేక అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఆహా!" అన్నారు మామగారు. "తియ్యగా చెయ్యమని నేనే అడిగా."

"చేపల్నా?" అంది మా ఆవిడ.

"కొత్తరకం. తినడం రాకపోతే ఇలా తే." నా పళ్లెంలోవీ, తన కూతురి పళ్లెంలోవీ లాక్కుని మరీ తిన్నారు.

అత్తగారు ఒక ముక్క నమిలి, ఆయన వైపు, అంటే ఆయనకి కాస్త పక్కగా చూసి, "అడిగారా నన్ను?" అన్నారు.

"అడిగా. నువ్వే మర్చిపోయావు."

ఆవిడ నవ్వేసి టీ పొయ్యడం మొదలెట్టారు. కప్పు అంచు మీద నుంచి వేలు లోపలికి పెట్టి, టీ వేలికి తగలగానే ఆపారు. నేనెన్నోసార్లు చూసిందే, ఆవిడ అలవాటనుకున్నాను. ఈసారి మా ఆవిడ కూడా చూసింది. లేచి తండ్రిని ట్రైలర్ వెనక్కి లాక్కెళ్లింది. వెనకే నేనూ.

"నాన్నా, అమ్మకి కళ్లు కనిపించట్లేదా?"

"పక్కలు కనిపిస్తాయే. మధ్యలోనే మసక. మొహాలు తెలీవు, గొంతుని బట్టి పోల్చుకుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కుర్చీ వేసి, కాళ్ల మీద దుప్పటి కప్పి, కదలకమ్మా అంటావు. మీ అమ్మ కదలకుండా కూర్చునే మనిషా? ఇల్లయితే ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి కదుపుతారు. ఇందులో ఏదీ కదలదు, చెయ్యి పెడితే దొరుకుతుంది. ఒక్క చెంచా బయటికెళ్లినా మళ్లీ అదే చోటికి రాదు. అందుకే ఎవరికీ ఇవ్వను."

"మరి ఆ అరుపులెందుకు మామగారూ?" అన్నాను.

"జనం నన్ను చూసి నవ్వుతుంటే ఆవిడ వంక ఎవరు చూస్తారోయ్?"

"ఇదంతా తనకోసమే చేస్తున్నావని అమ్మకి తెలుసా?"

"తెలీదు. నాకు పిచ్చనుకుంటుంది. అనుకోనీ."

ఆ మనిషిని గట్టిగా వాటేసుకోవాలనిపించింది. వాటేసుకుంటే సముద్రంలో దూకి పారిపోతారని ఊరుకున్నాను. మా ఆవిడ ముక్కు తుడుచుకుని, అంటించిన పేర్లన్నీ గోటితో గీకి పారేసింది.

"ఉప్పు ముందా, పంచదార ముందా నాన్నా?"

"ఉప్పు ముందు. మూత మీది గీత ఇటువైపు."

బయలుదేరే రోజు, మామగారు గుడారం మడతపెడుతుండగా, మా ఆవిడ నన్ను వెంటేసుకుని ఎవరికీ చెప్పకుండా ఆఫీసుకి వెళ్లింది. అక్కడ డోరీన్ అనే పెద్దావిడ కూర్చుని ఉంది.

"పిన్నీ, వచ్చే ఏడు కూడా మా జాగా మాకే ఉంచాలి" అంది మా ఆవిడ. "నాన్నకి తెలియనివ్వకు."

డోరీన్ కళ్లజోడు తీసేసింది.

"మొన్న మీ నాన్న వచ్చి, ఉంచమ్మా, మా అమ్మాయికి తెలియనివ్వకు అన్నాడు. అంతకుముందే, మీరొచ్చిన పూటే మీ అమ్మ వచ్చి చెప్పేసింది. మా ఆయనకి తెలియనివ్వకు, నాకోసమే గొంతు చించుకుంటున్నాడన్న సంగతి నాకు తెలుసని తెలిస్తే పాపం చిన్నబుచ్చుకుంటాడు అంది. ఇంతకీ ఒక మాటడుగుతాను, ఏమనుకోకు. మీ ఇంట్లో ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోరా?"