ఆకు రాలని సోయా

చిక్కడపల్లి మార్కెట్లో పచ్చి కందికాయల బస్తా విప్పినప్పుడు వచ్చే పసరువాసనకు నాకు సుభద్రమ్మగారు గుర్తొస్తారు. మా అశోక్‌నగర్ ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉండేవారు. కోస్తా మనిషి, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నా చదువు మూడో తరగతి వరకే. నీళ్లు ఎక్కువ వాడితే ఆమె మీదైనా అరిచేదాన్ని. ఆమె వెళ్లి కుళాయి కట్టేసేవారు.

ఆదిలాబాద్ వైపు మా భూమిలో మరిది రాజన్న సోయా వేసేవాడు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఆ ఏడు దసరా దాటినా చేలో ఆకు రాలలేదు. ఆకు రాలాకే కోయడం మా అలవాటు. ఏం చేయాలో తోచక, బంద్ లేని రోజు చూసుకొని, పై చేనువి కొన్ని, కింది చేనువి కొన్ని మొక్కలు పీకి గోనెపట్టాలో చుట్టుకొచ్చాడు. పచ్చగా ఉంటే గింజ ఇంకా ఊరుతుంది, ఆగమన్నాను. ఏదీ పారేయని దాన్ని, పచ్చిపంట కోయడానికి మనసొప్పలేదు.

సుభద్రమ్మగారు మెట్ల మీద కూర్చొని, పసరువాసన వేసే ఆ గోనెపట్టా విప్పి కాయలు చీల్చారు. పై చేను కాయ ఎండి, ఊపితే గలగలమంది. కిందివన్నీ గింజ లేని తాలు. ఆ చేను ఆలస్యంగా విత్తానని, పత్తికి మిగిలిన యూరియా వృథా ఎందుకని దానికే చల్లానని రాజన్న చెప్పాడు. కాయ పట్టేటప్పుడు పురుగు రసం పీల్చిందనీ, పై చేనులో కొంత, ఆలస్యానికీ యూరియాకూ ఇంకా లేతగా ఉన్న కింది చేనులో అంతా పోయిందనీ, గింజకు చేరాల్సిన బలం ఆకులోనే ఉండిపోయి ఆ పచ్చదనమనీ ఆమె వివరించారు.

"పై చేను వెంటనే కోయండి. ఆగితే కాయ పగిలి గింజ నేలపాలవుతుంది."

"పచ్చి కట్టెతోని ఎవలన్న నూరుస్తరా?" అన్నాను.

"కళ్లంలో ఎండబెట్టి నూర్చండి. అక్కడ పగిలినా గింజ మీదే."

"కింది చేనే పెద్దది, మేడం. జర ఆగితే నిండదా?" అన్నాడు రాజన్న.

"నిండదు రాజన్నా. అది పోయింది."

సర్కారు మనిషి నోట అంత సూటి మాట నేనెప్పుడూ వినలేదు. రాత్రికి రాజన్న అన్నం సరిగా తినలేదు. తెల్లారి బస్సెక్కాడు. పై చేను గింజ ఇల్లు చేరింది. మరుసటి ఏటికి అదే విత్తనం. ఆకు రాలేదాకా ఆగిన పక్క రైతు నేల మీద గింజలు ఏరుకున్నాడు. మా కింది చేను పశువుల మేతయింది.

తర్వాతి ఏళ్లలో తొలి వానలకే విత్తడం, మిగిలిందని యూరియా చల్లకపోవడం, పూత నుంచే పురుగు కోసం చేను తిరగడం ఆమె రాజన్నకు అలవాటు చేశారు. తర్వాత బర్కత్‌పురలో కూతురి దగ్గరికి వెళ్లి, అక్కడే పోయారు.

వానలు ఎగ్గొట్టిన ఏడు రాజన్న ఇప్పటికీ ఫోన్ చేసి, ఆగుదామా వదినా అంటాడు. "పోయినదాన్ని ఇడిసిపెట్టు, ఉన్నది కొయ్యి" అంటాను. ఏదీ పారేయని నాకు ఆ మాట అనడానికి ఇంకా నోరు రాదు. అయినా అంటాను.