వరసలో చివరి బండి

కొన్నేళ్ళ కిందట మే నెల యాత్రలో, మెజోలా కోట ముందు ఎర్మెస్ అనే అతని బండి గొలుసు తెగింది. దాంతో మోటారు సైకిళ్ళన్నీ ఆగిపోయాయి. క్లబ్బు ప్రెసిడెంటు ఒద్దోనేకి అసలే ఆకలెక్కువ.

"మెకానిక్కుకి ఫోను కొట్టి మనం పోదాం. ఫెర్రారాలో భోజనం చల్లారిపోతుంది," అన్నాడు.

లెయార్కో మాత్రం బండికి స్టాండు వేసి, గోడ నీడన కూర్చుని నారింజపండు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు.

"నీక్కాదూ చెప్పేది? చీపురువి, చీపురులా వెనకాల రా," అన్నాడు ఒద్దోనే.

వరసలో చిట్టచివరి బండిని అక్కడ చీపురంటారు. ఎవరి బండి మొరాయించినా ఆగి, వాళ్ళను వెంటబెట్టుకు రావడం దాని పని. ఎవరినీ దాటి ముందుకు పోకూడదు.

"ఎర్మెస్ కదిలితే చీపురు కదులుతుంది," అన్నాడు లెయార్కో, నారింజ తొన నోట్లో వేసుకుంటూ. "నువ్వు పో. కాకపోతే నిరుడు కోదిగోరో దాటాక కాలవలో జారి బురదలో కూర్చున్నావే, అలాంటిది మళ్ళీ జరిగితే లాగడానికి వెనక నేనుండను."

ఆ బురద సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"కుక్క మీద పడిందన్నావు కదయ్యా," అంది ప్రెసిడెంటు పెళ్ళాం. "ఆ ప్యాంటు నానబెట్టి ఉతికింది నేను."

జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఒద్దోనే హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. గొలుసు బాగయ్యేదాకా ఒక్క బండీ కదల్లేదు. లెయార్కో వెనక సీట్లో వచ్చిన వదిన జైరా, మరిదికి కూడా నోట్లో నాలుకుందని ఆ రోజే తెలుసుకుంది.

లెయార్కో కొమాక్కియో ఉప్పునీటి మడుగుల్లో పుట్టి పెరిగినవాడు. సముద్రానికి పోయే మలుగుపాము చేపల కోసం తూముల దగ్గర కాపు కాయడమే బతుకంతా. నీటి కోసం ఆగడం, చేప కోసం ఆగడం. పెళ్ళికీ అలాగే ఆగాడు గానీ పిల్ల ఆగలేదు. అన్న పోయాక ఒక ఆదివారం పాత బండి వేసుకుని జైరా గుమ్మం ముందుకొచ్చాడు.

"ఎక్కు వదినా, అలా తిరిగొద్దాం."

"ఊళ్ళో ఏమనుకుంటారు?"

"నేను నడిపే తీరుకి నడిచెళ్ళామనుకుంటారు."

నిజమే, బాతులు కూడా దాటిపోయేవి. అయినా అప్పట్నుంచి ఏటా మే నెల యాత్రలో ఆమె సీటు ఆమెదే.

ఈ ఏడు గట్టు మీది రోడ్డున పోతున్నారు. అటూ ఇటూ నీళ్ళు, వాటి మీద ఎండ. పోస్టాఫీసులో పనిచేసి మానేసిన నివెస్, రాజహంసల్ని చూద్దామని స్కూటరు ఆపినట్టుంది. అది మళ్ళీ కదలక రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపుతోంది. లెయార్కో ఆమె పక్కనుంచే పోయాడు. కాస్త ముందుకెళ్ళి ఆపుతాడనుకుంది జైరా. ఆపలేదు. వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఏమయ్యా, చీపురు మనిషిని దాటిపోతోంది."

బండి ఆగింది. "ఎవర్ని?"

"నివెస్‌ని. అంత పచ్చ కోటు కనపడలేదా? నీళ్ళలో పక్షులకి కూడా కనపడుతోంది."

వెనక్కి తిప్పి, స్కూటరు బాగుచేసి, నివెస్‌ని ముందు పంపాడు. ఫెర్రారా కోటగోడ కిందికి వచ్చాక బండి పక్కకి తీసి ఇంజను ఆపేశాడు.

"కుడి కన్ను పోయి చాన్నాళ్ళయింది వదినా. ఎడమదీ మసకబారుతోందిట. నెమ్మదిగా నడుపుతానులే అన్నాను డాక్టరుతో. నెమ్మది వేరు, చూపు వేరు అన్నాడు."

జైరా సీటు దిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇవాళ్టితో సరి," అన్నాడు. "కానీ నేను చెబితే పాపం అంటారు. ఒద్దోనే భుజం మీద చెయ్యేస్తాడు. ఆ చెయ్యి నాకొద్దు. నేను బండి తోసుకుంటూ వస్తాను, నువ్వు భోజనాల దగ్గరికి ముందెళ్ళి నువ్వే చెప్పు. ముసలాడికి కళ్ళు లేవు, నివెస్‌ని గట్టు మీద వదిలేసి వచ్చాడు, చీపురు పని ఇంకెవరికైనా ఇవ్వండి అని అందరి ముందూ చెప్పు. మెత్తగా వద్దు వదినా. నన్ను తిట్టి చెప్పు."