రొయ్యల ఐసు కవిత

మూడు రోజులుగా ఒక ఇంగ్లీషు కవితను తెలుగు చేస్తున్నాను. కవిత్వం ఎలా రాయాలో చెప్పే కవిత అది. దాన్ని తెలుగులో ఎలా రాయాలో మాత్రం చెప్పదు. ఇందాక అమలాపురంలోని మా కిటికీ కింద రొయ్యల లారీ ఆగింది. ఐసు కరిగిన ఆ నీచువాసనకి నా ఏడో తరగతి గుర్తొచ్చింది.

బడి వార్షికోత్సవంలో చదవడానికి మా ఇంగ్లీషు మాస్టారు నాకో పద్యమిచ్చి తెలుగు చేయమన్నారు. రాయని కాగితం మంచులా తెల్లగా ఉండి కవిని భయపెడుతోందని అందులో ఉంది. మా ఊరు ముమ్మిడివరంలో నాకు తెలిసిన మంచల్లా, నాన్న చెరువుగట్టున రొయ్యల పెట్టెల్లో పోసే ఐసే. నాన్నకి ఇంగ్లీషు రాదు. ఆయనకి వినిపించాలనే నా తాపత్రయమంతా. అందుకే, "కాగితం రొయ్యల మీది ఐసంత తెల్లగా ఉంది, చెయ్యి పెడితే తిమ్మిరెక్కుతోంది" అని రాశాను.

"కవిత్వంలో రొయ్యలేంటమ్మా, కూర వండుతున్నావా?" అని మాస్టారు దాన్ని కొట్టేసి, "హిమధవళ పత్రము" అని దిద్దారు. వార్షికోత్సవంలో అదే చదివాను.

వేదిక దిగి వచ్చి, "ఎలా ఉంది నాన్నా?" అని అడిగాను.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు అమ్మలూ! అంటే చాలా గొప్పగా రాసేవన్నమాట."

నేను పొంగిపోయాను. రోజూ ఐసులో చేతులు పెట్టే మనిషికి, కొట్టేసిన ఆ వాక్యం ఇట్టే తెలిసేదని అప్పుడు తట్టలేదు. గొప్ప కవిత్వమంటే అర్థం కానిదేననుకుని చాలా ఏళ్లు అలాగే అనువదించాను. అర్థం కాలేదని అందరూ చెప్పారు గానీ, గొప్పగా ఉందని నాన్న తప్ప ఎవరూ అనలేదు.