టేపు మాస్టారి నడక పరీక్ష

మా బావ మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకునేవాడు కాదు, కొలతలతో గుర్తుపెట్టుకునేవాడు. వీధిలో ఎవరైనా నవ్వుతూ పలకరించి వెళ్ళిపోతే, "ఎవర్రా ఆయన?" అని నన్నడిగేవాడు. నేను పేరు చెప్తే తేలమొహం వేసేవాడు. రెండడుగులు వేశాక ఆయనకే తట్టేది. "ఓహో, నడుం ముప్ఫై ఎనిమిది, కుడి భుజం జారుడు. ముందే అలా చెప్పొచ్చుగా" అని నన్నే తిట్టేవాడు.

అక్క పెళ్ళప్పుడు నాకు పన్నెండేళ్ళు. పెళ్ళికొడుకు నా దగ్గరకొచ్చి పేరు కూడా అడక్కుండా మెడలోంచి టేపు తీసి నా చేతులు కొలిచాడు. అప్పట్నుంచీ నేనాయన చిట్టాలో ఉన్నాను. ఆయన మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు లేరు కనక అందరూ టేపు మాస్టారనేవాళ్ళు. ఇంటి ముందుగదే దుకాణం. అందులో ఒక కటింగ్ టేబుల్, దాని మీద ఒక కత్తెర, ఆ కత్తెర ముట్టుకుంటే అక్కకి కూడా అక్షింతలే.

యాభై తొమ్మిదో ఏట కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదలడం మొదలెట్టాయి, కనబడని దారమేదో పేనుతున్నట్టు. బేరాల వాళ్ళు ముచ్చటపడ్డారు. మాస్టారు ఊరికే కూర్చున్నా పనే అన్నారు. డాక్టరు మాత్రం పార్కిన్సన్స్ అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళంతా తలో చికిత్సా చెప్పారు. ఒక దూరపు బంధువైతే రోజూ పావుగంట తలకిందులుగా నిలబడమన్నాడు.

"కాళ్ళ మీదే నిలబడలేకపోతున్నాగా, అదీ చూద్దాం" అన్నాడు బావ.

చేతి వణుకుని ఆయన పెద్దగా పట్టించుకోలేదు. కత్తెర పట్టుకుంటే అదే తగ్గేది. అసలు తంటా కాళ్ళతో వచ్చింది. గుమ్మం దగ్గరకి రాగానే పాదాలు నేలకి కుట్టేసినట్టు ఆగిపోయేవి. ఒళ్ళు ముందుకి వంగేది, పాదాలు కదిలేవి కావు.

"వస్తున్నారా?" అని అక్క వంటింట్లోంచి కేకేసేది.

"పై సగం వచ్చేసిందే. కింది సగం కోసం చూస్తున్నాను."

పడకగది నుంచి కటింగ్ టేబుల్‌కి పద్దెనిమిది అడుగులు, మధ్యలో రెండు గుమ్మాలు. ఆయన లోకమంతా ఆ పద్దెనిమిది అడుగుల్లోకి కుదించుకుపోయింది. అక్క రెక్క పట్టుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. "ఒకళ్ళు మోసుకొచ్చి బల్ల దగ్గర పెడితే నేను దర్జీని కాదు, గుడ్డముక్కని" అనేవాడు.

అందుకని నరాల జబ్బుల సహాయ కేంద్రంలో చేరాం. ముందు ఒక ఫారం ఇచ్చారు. చేతులు వణికేవాళ్ళ కోసమే తయారుచేసిన ఫారం. ఆవగింజంత గళ్ళు, గడికో అక్షరం. అప్పటికి జబ్బు వల్ల బావ రాత చీమల బారు అయిపోయింది. మొదటి గడిలోనే ఇంటి నంబరూ వీధీ అన్నీ పట్టేశాయి. గుమాస్తా ఫారం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "మిగతా గళ్ళు ఖాళీగా వదిలేశారే" అన్నాడు.

"మిగిలిన గుడ్డ వెనక్కిచ్చెయ్యడం మా పద్ధతండీ" అన్నాడు బావ.

కేంద్రంలో సోమవారం నవ్వు చికిత్స. ఇరవైమందిని గుండ్రంగా కూర్చోబెట్టి చప్పట్లు కొడుతూ నవ్వమనేవాళ్ళు. బావకి మొహం కండరాలు బిగుసుకుపోయి, ఏ భావమైనా బయటపడడానికి చాలాసేపు పట్టేది. నవ్వు నేర్పే ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "మాస్టారూ, మీరు నవ్వట్లేదు."

"లోపల మొదలెట్టానండీ. బయటికి రావడానికి టైం పడుతుంది."

ఆయన పుస్తకంలో 'సహకరించుట లేదు' అని రాసుకున్నాడు. బావ నవ్వు బయటికొచ్చింది కానీ, అప్పటికి మేం ఇంటికొచ్చేశాం.

ఆ కేంద్రం నుంచి మాకు దక్కిన మేలల్లా ఫిజియోథెరపీ అమ్మాయి. మంగళవారం, శుక్రవారం ఇంటికొచ్చేది. మొదటిరోజు ఆయన గుమ్మం దగ్గర ఆగిపోవడం చూసి, ఓదార్పు మాటలేమీ చెప్పకుండా టేబుల్ మీది సుద్దముక్క తీసుకుని నేల మీద అడ్డగీతలు గీసింది. "నడవకండి మాస్టారూ. గీత దాటండి, అంతే."

దాటాడు. ఒకటి, రెండు, మూడు. గుమ్మం కూడా దాటేశాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మామూలుగా నడవమంటే మెదడు మొరాయిస్తుంది. ఎదురుగా గీత కనబడితే ఇంకో దారిలో పనిచేస్తుంది" అంది ఆ అమ్మాయి.

బావ వెనక్కి తిరిగి గీతల వంక చూసి, "అన్నీ వంకరే. మధ్యలో దూరాలు కూడా సమానంగా లేవు" అన్నాడు. స్కేలు ఇచ్చి మళ్ళీ గీయించాడు, ఇరవై ఒక్క అంగుళాలకొకటి.

అయితే గీతలొక్కటే చాలవు. మలుపు తిరగడం, కుర్చీలోంచి లేవడం, ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడం, ఇవన్నీ ఆ అమ్మాయి దగ్గరుండి చేయించాలి. ఒక వారం మానేస్తే రెండు వారాలు వెనక్కి. అలా ఏడాది గడిచింది. బావ పద్దెనిమిది అడుగులూ తనే నడిచాడు.

ఏడాది నిండగానే కేంద్రం పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చికిత్స కొనసాగించాలా వద్దా తేల్చడానికి నడక పరీక్షట. తీసుకెళ్ళాను. పెద్ద హాలు. ఆ మధ్యే కొత్త నేల వేయించారట, నలుపూ తెలుపూ చారలు, అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా. అవతల బల్ల వెనక ఇద్దరు అధికారులు. బావ వాళ్ళ కాలర్లు చూసి, "పెద్దాయన పదిహేడు, పక్కనున్నది పద్నాలుగున్నర" అని నా చెవిలో ఊదాడు.

"ఇటు నడిచి రండి" అన్నాడు పదిహేడు.

బావ నడిచాడు. నడవడమా అది? కొత్తచెప్పులు కొనుక్కున్న కుర్రాడిలా టకటకా వెళ్ళి, బల్ల ముట్టుకుని, టకటకా తిరిగొచ్చాడు. ఆయన మొహంలో కదలిక లేదు కానీ కళ్ళు మాత్రం, ఇవి ఎవరి కాళ్ళు అని నన్నడుగుతున్నాయి.

వారానికి తీర్పు వచ్చింది. 'నడక బాగుంది. ఇంటివద్ద చికిత్స అవసరం లేదు. నవ్వు చికిత్స కొనసాగించవచ్చును.'

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, జాబితాలోంచి మా ఇల్లు తీసేశారనీ, ఇంక రావడానికి లేదనీ చెప్పి, తప్పు తనదైనట్టు తలొంచుకుని వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా పద్దెనిమిది అడుగులు పదకొండయ్యాయి, తర్వాత ఆరు. ఓ పొద్దున రెండో గుమ్మం దగ్గర మలుపు తిరగబోయి పడ్డాడు. మోచెయ్యి కొట్టుకుపోయి రక్తం వస్తోంది. అక్క లేవదీస్తుంటే ఆయన అడిగింది ఒకటే, "చొక్కా చిరిగిందా?"

నేను ఊరుకోలేదు. నాలుగు పుటల విన్నపం రాశాను. అందులో రాలిన ఆకులున్నాయి, తెగిన వీణతీగలున్నాయి. బావకి చదివి వినిపించాను.

"ఇందులో నేను పోయినట్టున్నానే" అన్నాడు.

"జాలి పుట్టొద్దూ?"

"జాలి దేనికిరా, కొలత సరిగ్గా తియ్యమను చాలు."

జవాబు వచ్చింది. 'మీ విన్నపం చదివి మిక్కిలి చలించితిమి. నడక బాగుంది.' అయితే చలించినందుకు గుర్తుగా ఇంకొక్కసారి పరీక్షకి రమ్మన్నారు.

అక్క ఒక ఉపాయం చెప్పింది. "ఈసారి కాస్త తూలినట్టు చెయ్యండి. మీ సొమ్మేం పోయింది?"

"వద్దే. లేని ముడత చూపిస్తే, ఉన్న ముడత కూడా ఎవడూ నమ్మడు" అన్నాడు బావ. కాసేపటికి నావైపు తిరిగి, "ఆ హాల్లో నేల ఎలా ఉందిరా?" అన్నాడు.

"చారలు. నలుపూ తెలుపూ."

"చార ఎంత వెడల్పు?"

"నేల కొలిచే అలవాటు నాకు లేదు బావా."

"ఇరవై, ఇరవై ఒకటి ఉంటుంది" అన్నాడు. అప్పుడు పొట్ట కదలడం మొదలైంది. మొహం రాయిలాగే ఉంది, పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతోంది. ఆయన నవ్వుతున్నాడని మాకిద్దరికీ తెలుసు. "గీతలు పరిచి నడక చూశారా పిచ్చిసన్నాసులు. ఒరే, బీరువా కింద బూడిదరంగు గుడ్డ ఉంది, తియ్యి."

ఆ గుడ్డ నాకు తెలుసు. దుకాణం జోరుగా నడిచే రోజుల్లో తెప్పించిన తాను, పది మీటర్లు. గీత లేదు, పువ్వు లేదు. "దీంతో నీకో కోటు" అని పదేళ్ళుగా నన్ను ఊరిస్తున్నాడు.

పరీక్ష రోజున హాల్లోకి నేను మోసుకెళ్ళినవి చూసి పద్నాలుగున్నర లేచి నిలబడ్డాడు. చంకలో గుడ్డ, ఒక చేతిలో ఇస్త్రీపెట్టె, ఇంకో చేతిలో కత్తెరలున్న సంచీ.

"ఏంటిదంతా?"

"ట్రయల్ అండీ" అన్నాడు బావ కుర్చీలోంచి. "ఏ బట్టనైనా బల్ల మీద పరిచి బాగుంది, బాగాలేదు అనకూడదు. ఒంటి మీద వేసి చూడాలి. మా ఇంట్లో నేలకి చారలుండవు. మామూలు నేల మీద నా నడక చూసి అప్పుడు చెప్పండి."

"నిబంధనల్లో గుడ్డ గురించి లేదే" అన్నాడు పద్నాలుగున్నర.

"వద్దని ఉందా?" అన్నాడు పదిహేడు. అప్పటికే టీ కప్పు పక్కన పెట్టేశాడు.

గుడ్డ పరిచాను. అంచుల మీద ఇస్త్రీపెట్టె, కత్తెరలు బరువు పెట్టాను. బావ లేచాడు. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. రెండడుగులు పడ్డాయి. మూడోదానికి మడమ లేచింది, వేళ్ళు లేవలేదు. పాదాలు వణుకుతున్నాయి, ఒళ్ళు ముందుకి పోతోంది. గోడగడియారంలో మూడు నిమిషాలు గడిచాయి. బావ చొక్కా వీపు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆయన పని పదిమంది ఎదుట చెడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అది ఆయనే కోరి చూపిస్తున్నాడు.

"చాలండీ, కూర్చోండి" అన్నాడు పదిహేడు.

"ఇంకా అవలేదండీ. ఒరే, సుద్ద."

మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ మీద గీతలు గీశాను. పైనించి ఆయన, "వంకర, వంకర" అంటూనే ఉన్నాడు. చివరి గీత పడగానే బావ నడిచెళ్ళి బల్ల ముట్టుకున్నాడు. పదిహేడు నిలబడి చెయ్యి కలిపాడు. బావ ఆ చెయ్యి వదలకుండా, "మీ కాలర్ బిగుతుగా ఉందండీ. పదిహేడున్నర వేయించండి" అన్నాడు.

ఈసారి తీర్పు ఇలా వచ్చింది. 'బూడిదరంగు గుడ్డ మీద నడకయందు తీవ్రమైన ఇబ్బంది గమనించడమైనది. ఆరు నెలలు ఇంటివద్ద చికిత్స మంజూరు. రోగి గుడ్డలకు దూరముగా ఉండవలెను.'

నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న దర్జీకి ఆ సలహా. బావ ఆ కాగితాన్ని కటింగ్ టేబుల్ ఎదురుగా గోడకి అంటించుకున్నాడు.

మంగళవారం అమ్మాయి వచ్చింది. రెండు నెలలకి పద్దెనిమిది అడుగులూ తిరిగొచ్చాయి. రోజూ మందు బాగా పనిచేసే ఒక గంటసేపు, గీతలు దాటుకుంటూ తనే టేబుల్ దగ్గరకెళ్ళి, హాలు దుమ్ము దులిపిన ఆ బూడిదరంగు గుడ్డనే కోశాడు. పూర్తవడానికి మూడు నెలలు పట్టింది. కుట్టు పూర్తయిన రోజు ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే, టేబుల్ మీద పరిచిన కోటు చూశాను. ఎడమ చెయ్యి కుడిదానికంటే అర అంగుళం పొట్టి. అక్క కూడా చూసింది. పాపం అన్నట్టు ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

లేచాక తొడిగి, భుజాలు సర్ది, "చేతులెలా ఉన్నాయిరా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉన్నాయి బావా."

ఆయన నావంక చాలాసేపు చూశాడు. మొహంలోకి ఏదో రాబోయింది, వచ్చేలోపు నేను అద్దం వైపు తిరిగిపోయాను.

మరుసటి ఏడాది ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి వెళ్ళిపోయాడు. ఆస్పత్రికి వెళ్ళిన రోజు కూడా వీధిగుమ్మం దాకా గీతలు దాటుకుంటూనే వచ్చాడు.

పోయిన నెల ఆ కోటు పట్టుకుని వేరే దర్జీ దగ్గరకెళ్ళాను. ఎడమ చెయ్యి అర అంగుళం పెంచమన్నాను. కుట్టిన మనిషికి ఒంట్లో బాగుండేది కాదని, తప్పు ఆయనది కాదని, పెద్ద మనసు చేసుకుని చెప్పాను. అతను వేసుకోమన్నాడు. చుట్టూ తిరిగాడు. టేపు తీసి నా చేతులు రెండూ కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"ఎవరు కుట్టారండీ ఇది?"

"మా బావ."

"మీ ఎడమ చెయ్యే అర అంగుళం పొట్టండీ. ఆయన సరిగ్గా దానికే కోశారు. పెంచమంటే పెంచుతాను కానీ, పాడవుతుంది."

వద్దని చెప్పి, కోటు విప్పకుండానే ఇంటికి నడిచాను.