మేనేజరు గారి దారం

నేను మొదటి ఉద్యోగంలో చేరిన కాలంలో పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీల కంటే ఫ్యాక్టరీల శంకుస్థాపన రాళ్లే ఎక్కువ కనబడేవి. బొంబాయి రోడ్డు దిగితే ఒక రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని జొన్న చేను, మళ్లీ ఒక షెడ్డు. అప్పట్లో నాకున్న ధైర్యం తలచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది. గోదావరి జిల్లా నుంచి ట్రంకుపెట్టె మోసుకొచ్చి, టూల్‌రూంలో ట్రైనీగా చేరి, దేశానికి కావలసిన యంత్రాలన్నీ నేనే చేసిపెడతాననుకున్నాను. చేసిపెట్టింది మాత్రం మా మేనేజరు గారికి గోల్ఫ్ సరంజామా.

ఆయన ట్రైనింగుకని ఇంగ్లండు వెళ్లి ఆ ఆట జబ్బు అంటించుకొచ్చారు. బంతిని దూరంగా కొట్టడం బాగానే వచ్చు. గుంత దగ్గరికి చేరాక మెల్లగా దొర్లించి అందులో వేయాలి చూడండి, అక్కడే ఆయన బతుకు (దాంతోపాటు మా బతుకూ) తెల్లారిపోయేది. బంతి ఎప్పుడూ ఎడమకే పోయేది. సికింద్రాబాదులో పోటీ దగ్గర పడుతోంది. "లోపం నాలో లేదయ్యా, అలైన్‌మెంట్‌లో ఉంది" అని తేల్చి, దాన్ని సరిచేసే పరికరాలు నన్ను చేయమన్నారు. పచ్చిక బతకని నేల కనక, ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగా చదును చేయించి, ఇసుక ఎగరకుండా అందులో మాడిన ఇంజనాయిలు కలిపి పరిపించాను. బంతి పెట్టే చోటి నుంచి గుంత దాకా మేకులు కొట్టి దారం బిగించాను. దాని వెంబడే సున్నంతో గీత పోశాను. కర్ర అటూ ఇటూ ఊగకుండా రెండు ఇనప గూటాలు పాతాను. బంతి దగ్గర నేల మీద గడ్డం గీసుకునే అద్దం పెట్టి, దాని మీద ఎర్ర గీత గీశాను. తల వంచినప్పుడు తన కళ్లు ఆ గీత మీద కనబడితే మనిషి సరిగ్గా నిలబడ్డట్టు లెక్క. (వారం తిరిగేసరికి ఆయన కళ్లు గీత మీదికి వచ్చాయి. బంతి మాత్రం ఎడమకే పోతోంది.)

ఒక సాయంత్రం నేను దారం బిగిస్తుంటే, పక్క జొన్న చేను ముసలమ్మ గట్టు దిగి గబగబా వచ్చి సరిగ్గా సున్నపు గీత మీద చతికిలబడింది. "ఏంది బిడ్డా గిది? మల్ల కొలుస్తున్రా?" అంది. నేను సుత్తి కింద పెట్టాను.

"కొలతలు కాదు మామ్మగారూ, ఇది ఆట" అన్నాను.

"ఆటనా? పోయినసారి గూడ గిట్లనే దారం కట్టిన్రు, సున్నం పోసిన్రు. మా బాయి పోయింది, బాయికాడి చెల్క పోయింది. ఇగ గీ జొన్న చేనొక్కటే ఉన్నది. దీన్ని ఇడిసేది లేదు. నన్ను గీడనే బొంద పెట్టున్రి."

నాకు తెలిసిన మర్యాదలన్నీ వాడి చెప్పాను. బంతి చూపించాను, గుంత చూపించాను, అద్దం కూడా చూపించాను. అద్దం చూశాక ఆమెకు అనుమానం ముదిరింది. చుట్టుపక్కల చేలలో వాళ్లంతా పోగయ్యారు. "అద్దంల ఏం సూస్తరు? బోరుకు నీళ్లు సూస్తున్రా?" అని ఒకడు. "గింత పెద్ద మనుషులు దారం గట్టి ఆడే ఆటేందిరా?" అని ఇంకొకడు. సరిగ్గా అప్పుడే తెల్ల టోపీ పెట్టుకుని మేనేజరు గారు దిగారు. ముసలమ్మ లేచి ఆయన దారికి అడ్డం నిలబడి, "ఆటంటున్నడు గీ పిలగాడు. ఏదీ, ఆడి సూపెట్టు సారూ" అంది.

ఆయన అద్దంలోకి చూశారు, దారం చూశారు, ఊపిరి బిగపట్టి కొట్టారు. నేను మా ఊరి అమ్మవారికి మొక్కుకున్నాను. బంతి ఎడమకు పోయింది. మళ్లీ కొట్టారు, మళ్లీ ఎడమకే. ఆయన మెడ ఎర్రబడిపోతోంది. నా ఉద్యోగం నా కళ్లముందే గుంత పక్కనుంచి దొర్లిపోతోంది. ఇక జనం మా మీదికి కర్రలెత్తుతారనుకుంటుండగా ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. ఆ వెంటనే గట్టంతా ఒకటే నవ్వు.

"నిజంగ ఆటనే రా! సర్వేవోళ్లయితే గింత వంకర పోరు. ఆళ్లు సక్కగ మన చేన్లకే వస్తరు" అంది ముసలమ్మ. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, జెర నేర్పియ్యి మీ సారుకు" అని ధైర్యం చెప్పింది. "దారం వంకరగా కట్టి నా పరువు తీశావయ్యా" అన్నారు మేనేజరు గారు. ఆ తర్వాత ఆయన సాధన చేసినన్నాళ్లూ, పొద్దు వాలేసరికి గట్టు మీద జనం పేలాలు నములుతూ కూర్చునేవారు. పోటీలో ఓడిపోయి వచ్చాక ఆయన కర్రలు అటకెక్కించారు.

మరుసటి ఏడు జొన్న పాలు పట్టే వేళకు, మా ఫ్యాక్టరీ కొత్త షెడ్డు కోసం సర్వేవాళ్లు వచ్చారు. మా పాత గుంత దగ్గరే మొదలుపెట్టి మేకులు కొట్టి, దారం బిగించి, సున్నం పోసుకుంటూ గట్టు దాటారు. నేను షెడ్డు వెనక తలుపులోంచి చూశాను. గట్టు మీద జనం నిరుటిలాగే వరసగా కూర్చుని ఉన్నారు. దారం చేనులోకి పోతుంటే ముసలమ్మ తన చేత్తోనే జొన్న కర్రలు పక్కకు వంచి దారి ఇస్తోంది. "తొక్కకున్రి గని ఆడుకోన్రి" అంటోంది.

నేను పరుగెత్తాను. ఇది ఆట కాదు మామ్మగారూ, నిజంగానే కొలుస్తున్నారు, వెంటనే సంగారెడ్డిలో కలెక్టరు కచేరీకి వెళ్లి అడగండి అని రొప్పుతూ చెప్పాను. ఆమె నా మొహం వంక చూసి నిరుటికంటే ఎక్కువగా నవ్వింది.

"నువ్వు ఎప్పటికీ గిట్లనే పరేషాన్ అయితవేంది బిడ్డా? కూసో. మీ సారు ఇంకా రాలేదేంది?" అని, తన పక్కన చోటిచ్చి నా చేతిలో గుప్పెడు పేలాలు పోసింది.

నేను కూర్చున్నాను. మళ్లీ చెప్పాను. ఆమె మళ్లీ నవ్వింది. ఇరవై రెండేళ్ల ఆ పిల్లవాడు చేతిలో పేలాలతో, రాని మేనేజరు కోసం అందరితోపాటు దారి చూస్తున్నట్టే కూర్చున్నాడు. వాణ్ని తలచుకుంటే ఇన్నేళ్లకీ నవ్వొస్తుంది, ఆ నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోతుంది.