తడిసిన తాడు

మొన్న మా వీధిలో పాత బోరు ఎండిపోయిందని పక్కనే ఇంకొకటి వేయిస్తుంటే, ఆ మోత భరించలేక తలుపేసుకున్నాను గాని, నీరు ఇంకా కిందికి పోయిందటండీ అని ఎవరో అనడం చెవినపడి, యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మనసులో మెదిలింది; నా ఈడువాళ్ళయితే అర్థం చేసుకుంటారు.

నాకు ముప్ఫై దాటాక, ఏలూరులో ఒక ఆఫీసులో చేరిన కొత్తలో, నా పని ఏటా వేసవిలో నూతులు కొలవడం. కొల్లేటి ఒడ్డు నుంచి పెదపాడు, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం పైనున్న మెట్టదాకా ఏటేటా అవే నూతులు. భూమిలో నీరు పెరుగుతోందో తరుగుతోందో కొన్నేళ్ళకైనా తేల్చాలని మా ఆఫీసరుగారి పట్టుదల. తాడుకు రాయి కట్టి అడుగు తగిలేదాకా వదిలి, పైకి లాగి, తడిసినంత మేర కొలిచి రాసేవాణ్ణి. నూతిలో నీళ్ళెన్ని అంటే మనవైపు ఎవరైనా అలాగే చూసేవారు. పైగా ఆ తాడు భుజాన వేసుకుంటే నాకు నేల కనిపించేది కాదు, అంత గర్వం!

మా అక్కను ఇచ్చింది ఆ మెట్ట ఊరికే. ఒక ఏడు బావగారు, నీటి బెంగతో, ఈ భూమి వదిలేసి పెంటపాడు దగ్గర కాలువ కిందికి పోదామా అని ఊగిసలాడుతూ నన్నడిగారు. వాళ్ళ నూతి నాలుగేళ్ళ కొలతలు చూపించి, జానెడు కూడా తగ్గలేదు, కదలకండి అన్నాను.

"నువ్వు చెప్పాక ఇంకా బెంగ దేనికయ్యా," అని ఆయన ఉండిపోయారు.

మరుసటి వేసవిలో నుయ్యి బాగుచేయడానికి దిగినప్పుడు ఇసుక పొర జారి, గోడ ఆయన మీద కూలింది. పైకి తీసేసరికి ప్రాణం లేదు. నేను వెళ్ళి గట్టున పోసిన పచ్చిమట్టి గుట్ట చూశాక గాని నా బుర్రకు వెలగలేదు. మెట్టవాళ్ళు ఏటా నేను వచ్చేలోగా పూడిక తీస్తూ, నీరు దిగినంత మేరా అడుగు కూడా తవ్వుకుంటూ వచ్చారు. అందుకే తడిసిన తాడు ఏటా అంతే ఉంది. గట్టు నుంచి నీటిదాకా ఉన్న పొడి తాడు కొలిచి ఉంటే నీరు ఎంత దిగిందో మొదటి రెండేళ్ళలోనే తెలిసేది.

"నువ్వు మా మంచికే చెప్పావు తమ్ముడూ, ఆయన ఆయువు అంతే," అంది అక్క. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు, పిరికివాణ్ణి.

ఇప్పుడు కొలతలకు మంచి పరికరాలు వచ్చాయట, నూతుల్లోకి దిగేవాళ్ళూ లేరు. సంతోషమే. అక్క పోయి కూడా చాలా కాలమైంది. ఉన్నదున్నట్టు చెప్పి తిట్లు తిందామన్నా, నన్ను తిట్టవలసిన మనిషి లేదు.